కోనేటియొద్దకు తోడెవరు?

(పఠన భాగములు: 2 సమూయేలు 19:31-39, యోహాను 5:1-9)



గిలాదీయుడైన బర్జిల్లయి మిక్కిలి ధనవంతుడు. ఎనుబది ఏండ్ల వయస్సున అతనికి భోజనపు రుచి తెలియలేదు, పాటలు పాడువారి స్వరము వినబడలేదు. ధనము ముసలితనమును ఆపజాలకపోయెను. అయినను రాజు అతనిని తనయొద్ద ఉంచుకొని పోషింతుననెను. అతడు సొంత ఊరికి పోవుదునని కోరగా దీవించి పంపెను. ఉండుటయు పోవుటయు అతని యిష్టమే.

బేతెస్ద కోనేటియొద్ద పడియున్న వానిని చూడుడి. వాని వ్యాధి ముప్పది యెనిమిది ఏండ్లది. ప్రభువు అడిగినప్పుడు వాడు మొదట చెప్పుకొన్నది నొప్పిని గూర్చి కాదు. తన్ను నీళ్లలో దించు మనుష్యుడు లేడనియే.

నేడు మన యూళ్లలోను ఇట్టివారు కలరు. 2015 మొదలు 2019 వరకు మన దేశములో జరిగిన అంధత్వ సర్వేలో, 50 ఏండ్లు పైబడి చూపు పోయినవారిలో నూటికి సుమారు 66 మందికి కారణము కంటి శుక్లమే. చదువురానివారిలో నూటికి ముగ్గురికి మించి అంధులుండగా, పదవ తరగతియు ఆపైనను చదివినవారిలో వెయ్యికి అయిదుగురు కూడ లేరు. చదువు లేని యింట కలిమియు తక్కువే గదా! ముసలితనము అందరికిని వచ్చును గాని, చూపు పోవుట పేదయింటనే ఎక్కువ.

శుక్లమునకు ఆపరేషను కలదు. 1976లో ఆరంభమైన జాతీయ కార్యక్రమము క్రింద ఉచితముగా చేయుదురు. అయితే బస్సు చార్జీ ఎవరిత్తురు? కూలికి పోవు కుమారుడు తల్లి వెంట పోయిన దినమున పొయ్యి ఎట్లు వెలుగును? అందుచేత ఆమె "వయసు మీరినది, ఇక ఇంతేలే" అని గోడ పట్టుకొని నడుచును. ఒకనాడు గడప తట్టుకొని పడును, తుంటి విరుగును, మరల లేవదు. అప్పుడు మనము దేవుని చిత్తమందుము. సహోదరులారా, బస్సు చార్జీ లేక జరిగినదానిని దేవునిమీద మోపకుడి.

సంఘపెద్దలు ఈ నెలలోనే ఇల్లిల్లు తిరిగి, చూపు తగ్గిన వృద్ధుల పేర్లు వ్రాసికొనవలెను. పిడికెడు బియ్యపు సొమ్ములో కొంత ప్రయాణమునకు తీసియుంచుడి. యౌవనస్థులారా, వంతులవారీగా ఒక్కొక్క దినము కూలి మానుకొని వారి చెయ్యి పట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోవుడి. ఆ దినపు కూలి మీరు ప్రభువునకిచ్చిన కానుకయే.

ప్రభువా, తోడులేనివారియొద్దకు మమ్మును పంపుము. ఆమేన్.