బంగారుచేపకు సేవ చెయ్యడం కూడా ధమ్మమేనా?

 

ధమ్మ బంధువులారా! ఈసారి గాజుగిన్నెలో ఈదే బంగారుచేప గురించి చెబుతాను. అదేనండీ, గోల్డ్‌ఫిష్. దానికి జబ్బు చేస్తే బతికించుకోవడం గురించి. మీలో కొందరు ఇప్పటికే నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. "మనుషులకే దిక్కులేదు, చేపకి వైద్యమా?" అంటారు. ఆ ప్రశ్న అడిగే హక్కు ఈ దేశంలో ఎవరికన్నా ఉందంటే అది మనకే ఉంది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ వెళ్ళి దోసెడు నీళ్ళు తాగేదాకా చవదార్ చెరువులో గొడ్లు తాగొచ్చు, కుక్కలు తాగొచ్చు, మనవాళ్ళు మాత్రం తాగకూడదు. చీమలకు పంచదార చల్లిన చేతులే మన తాతల దోసిట్లోకి పైనుంచి నీళ్ళు వంచాయి. మూగజీవాల మీద దయ అనే మాట వినగానే మనకు ఒళ్ళు మండుతుందంటే దాని వెనక అంత చరిత్ర ఉంది.

సరే. వాళ్ళ దయ దొంగదయ అని మనం దయనే వదిలేద్దామా?

'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో బాబాసాహెబ్ కరుణకీ మైత్రికీ తేడా చెప్పారు. కరుణ అంటే మనిషి మీద ప్రేమ. బుద్ధుడు అక్కడితో ఆగలేదు, ప్రాణమున్న ప్రతిదాని మీదా ప్రేమ చూపమన్నాడు. అది మైత్రి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల మీద దయ చూపి కాపాడతాననే ప్రతిజ్ఞ కూడా ఉంది. తాగుడు మానే ప్రతిజ్ఞ గురించి మన సభల్లో గంటలు గంటలు మాట్లాడతారు గానీ దీని గురించి ఎవరూ ఎత్తరు.

"మరి చేపల పులుసు తింటాం కదండీ" అని అడుగుతారు. గోదావరి జిల్లాలో ఈ ప్రశ్న రాకుండా ఉంటుందా! దీనికీ బాబాసాహెబ్ జవాబు ఇచ్చారు. అవసరం కోసం చంపడం వేరు, చంపాలనే కోరికతో చంపడం వేరు, బుద్ధుడు ఆ తేడా చూశాడని రాశారు. అవసరం ఏమీ లేకుండా, మన నిర్లక్ష్యం వల్ల, మన కళ్ళముందే ఒక ప్రాణి చచ్చిపోతుంటే అది ఏ లెక్కలోకి వస్తుందో మీరే చెప్పండి.

మా పేట విహారంలో ఆదివారం పూట పిల్లలు కూర్చుంటారు. అయిదో తరగతి చదివే ఒక పిల్ల ఊరగాయ సీసాలో చేపను పెట్టుకుని వచ్చింది. రాజమండ్రి షాపులో కొన్నదట. రెక్కలు ముడుచుకుని అడుగున పడి ఉంది. ఒళ్ళంతా ఉప్పురవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు. "బాబాయ్, ఇది చచ్చిపోద్దా?" అంది. అక్కడున్న పెద్దవాళ్ళు తలా ఒక మాట అన్నారు. ఇంటికొచ్చే గండాన్ని చేప తన మీద వేసుకుందని ఒకరు. దాని పూర్వజన్మ కర్మ అని ఇంకొకరు. కాలవలో వదిలేస్తే పుణ్యం వస్తుందని మరొకరు.

బంధువులారా, కొంచెం ఆలోచించండి. దీక్ష తీసుకుని ఇన్నేళ్ళయినా మన నోటినుంచి వచ్చిన మొదటి మూడు మాటలూ అవి! వాస్తు చేప అని, ఇంటికి అదృష్టమని చెప్పి అమ్ముతారు. చచ్చిపోతే గండం పోయిందంటారు. షాపువాడికి రెండువైపులా లాభమే. ఇక పూర్వజన్మ కర్మ మాటంటారా, ఆ మాట చెప్పే కదా మనల్ని వేల ఏళ్ళు ఊరి చివర ఉంచారు! ఆ కత్తిని తీసి మనం ఇంకో ప్రాణి మీద పెడతామా?

బుద్ధుడు కారణం వెతకమన్నాడు. ఇది ఉంటే అది ఉంటుంది, ఇది పోతే అది పోతుంది. మేమూ వెతికాం. నాలుగైదు లీటర్లు పట్టే గిన్నె. పిల్ల రోజుకు మూడుసార్లు మేత వేస్తోంది. వాళ్ళ అమ్మమ్మ ప్రేమకొద్దీ అన్నం మెతుకులు వేస్తోంది. మిగిలిన మేత కుళ్ళింది, దానికి చేప రెట్ట తోడైంది, నీళ్ళలో అమోనియా పెరిగింది. కంటికి నీళ్ళు తేటగానే కనబడతాయి, అమోనియా కనబడదు. అది మొప్పల్ని కాలుస్తుంది. ఊపిరాడక చేప నీరసిస్తుంది. నీరసించిన ఒంటి మీద తెల్లచుక్కల పురుగు దిగుతుంది. చుక్కలు కనిపించేసరికే వెనక ఇంత కథ నడిచింది. గండం ఎక్కడుంది ఇందులో?

ఇక్కడ వినయపిటకంలో ఒక ఘటన చెప్పాలి. ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తోటి భిక్షువులెవరూ చూడలేదు. ఎందుకంటే అతను వాళ్ళకు ఏ పనికీ వచ్చేవాడు కాదు. బుద్ధుడు ఆనందుడితో నీళ్ళు తెప్పించాడు. తాను నీళ్ళు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తలవైపు బుద్ధుడు, కాళ్ళవైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తనకు సేవ చెయ్యాలనుకునేవాడు రోగికి సేవ చెయ్యాలని ఆ తర్వాత భిక్షువులకు చెప్పాడు. విహారంలో విగ్రహానికి పూలదండ వేసి మంచంపట్టిన ముసలమ్మ ఇంటివైపు చూడకుండా పోయేవాళ్ళు ఇది రెండుసార్లు చదవాలి.

రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన గుణాలు కూడా అక్కడే చెప్పాడు. మందు తయారుచెయ్యడం తెలియాలి. ఏది పడుతుందో ఏది పడదో తెలిసి, పడనిది తీసెయ్యాలి. లాభం ఆశించకూడదు. మలం, వాంతి ఎత్తడానికి అసహ్యపడకూడదు. మంచిమాట చెప్పి ధైర్యమివ్వాలి. ఈ చివరిది చేపకు కుదరదనుకోండి! మిగతావన్నీ కుదిరాయి.

ముందుగా పడనిది తీసేశాం. మేత మూడు రోజులు పూర్తిగా బంద్. పిల్ల ఏడ్చింది, ఆకలేస్తుందని. చేప కొన్నాళ్ళు పస్తు ఉండగలదు, కుళ్ళిన నీళ్ళలో ఉండలేదు. నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బులోకి మార్చాం. కొళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి వెడల్పు గిన్నెలో ఒక రోజంతా నిలవ ఉంచి వాడాం. రోజూ నాలుగోవంతు నీళ్ళు అడుగునుంచి రెట్టతో సహా తోడేసి కొత్తవి పోశాం. ఇదే అసలు సేవ. ఎవరూ ఫొటో తీసుకోని పని.

మందు ఏమిటంటే కళ్ళుప్పు. అయొడిన్ కలపనిది. లీటరుకు ఒక గ్రాము చొప్పున మొదలుపెట్టి, మూడు రోజుల్లో మూడు గ్రాములకు తెచ్చాం. ఒక్కసారే కుమ్మరించకూడదు. నీళ్ళు మార్చినప్పుడు తీసిన నీళ్ళకు సరిపడా ఉప్పే మళ్ళీ కలపాలి. చెరువు మీద పనిచేసే కుర్రాడొకడు రొయ్యలకు వాడే మందు తెస్తానన్నాడు. వద్దన్నాను. జబ్బేంటో తెలియకుండా మందు పొయ్యడం వల్ల మన చెరువులకు జరిగిన మేలు చాలు.

కానీ ఆ కుర్రాడే ఇంకో మంచిమాట చెప్పాడు. "డీవో చూసుకోండి, ఎండాకాలం నీళ్ళలో గాలి నిలవదు" అని. తెల్లారగట్ల చెరువులో చేపలు పైకి తేలి నోళ్ళు తెరిస్తే ఏరియేటర్లు తిప్పేది మనవాళ్ళే కదా. చిన్న ఎయిర్ పంపు పెట్టాం. కరెంటు పోయినప్పుడు పిల్లలు వంతులేసుకుని గ్లాసుతో నీళ్ళు ఎత్తి పోశారు. జానెడు ఎత్తునుంచి పోస్తే చాలు, గాలి కలుస్తుంది.

అయిదో రోజుకి చుక్కలు రాలిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టి ఇక చాలన్నారు. అక్కడే చాలామంది పొరబడతారు. ఒంటిమీంచి రాలిన పురుగు చావదు. అడుగున చేరి వందల పిల్లల్ని పుట్టిస్తుంది. అవి చేపను వెతుక్కుంటూ ఈదేటప్పుడే ఉప్పు వాటిని చంపగలదు. అందుకని ఇంకో పదిరోజులు ఉప్పునీళ్ళు ఆపలేదు. తర్వాత మంచినీళ్ళు మారుస్తూ ఉప్పు తగ్గించాం. ఇప్పుడు అది పిల్ల నీడ పడితే చాలు పైకి వస్తోంది.

కాలవలో వదలడం మాట చెప్పలేదు కదూ. చైనాలో బౌద్ధ ఆరామాల కోనేళ్ళలో చేపల్ని వదిలి కాపాడే ఆచారం ఉండేది. మామూలు చేపల మధ్య అప్పుడప్పుడూ పుట్టిన ఎర్రటి, బంగారు రంగు చేపలు అలాంటి కోనేళ్ళలోనే బతికి బట్టకట్టాయి. వెయ్యేళ్ళకు పైగా పెంచగా పెంచగా ఈ గోల్డ్‌ఫిష్ వచ్చింది. అంటే ఇది మన ధమ్మం నీడలో పెరిగిన ప్రాణి. కానీ ఆ కోనేరు వేరు, మన గోదావరి కాలవ వేరు. జబ్బుచేపను అందులో వదిలితే అది కొంగకు మేత అవుతుంది, లేదా దాని జబ్బు కాలవ చేపలకు అంటుతుంది. పుణ్యం కోసం చేసే ఆ పనిలో కరుణ ఉందేమో గానీ ప్రజ్ఞ లేదు.

గిన్నె అద్దాన్ని వేళ్ళతో టకటకా కొట్టే పిల్లలు ప్రతి ఇంట్లో ఉంటారు. శ్రావస్తి దారిలో చేపల్ని బాధపెడుతున్న పిల్లల్ని చూసి బుద్ధుడు కేకలెయ్యలేదు. మీకు నొప్పంటే భయమేనా అని అడిగాడు. అదే అడగండి చాలు.

ఆ తర్వాత ఆదివారం మా పిల్ల వేసిన ప్రశ్న మాత్రం ఎవరూ ఊహించలేదు. "బాబాయ్, తేటగా ఉన్నా చేప నీళ్ళలో విషం ఉందన్నావు కదా. మరి మన పేట కొళాయి నీళ్ళలో ఏముంది?" అంది. డెల్టాలో రొయ్యల చెరువుల పక్కనున్న ఊళ్ళలో బోరునీళ్ళు ఉప్పెక్కిన సంగతి మీకు తెలుసు. తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దని, గొంతేరు డ్రెయిన్ పాడైపోతుందని ఆడవాళ్ళు కూడా రోడ్డెక్కారు. మన పేట నీళ్ళు పసుపుగా వస్తే మనం వడగట్టుకుని ఊరుకున్నాం.

పిల్లలే మూడు వీధుల కొళాయిల నుంచి మూడు సీసాలు పట్టారు. వీధి పేరు, తేదీ రాసి అంటించారు. పరీక్షకు ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఫలితం ఇంకా రాలేదు. సోమవారం పదకొండు గంటలకు మళ్ళీ వెళుతున్నాం. మీ వీధి సీసా కూడా పట్టుకుని రండి.