మిలిత్సాదేవి: రాజ్యభారమును సన్న్యాసమును

గొప్ప దుఃఖము మీద బడినప్పుడు మనుష్యునికి సర్వమును విడిచి యెచటికైనను పోవలెనను కోరిక పుట్టుట సహజము. ఆ కోరికకు మనము వైరాగ్యమని పేరు పెట్టి గౌరవింతుము. కాని పేరు పెట్టినంతమాత్రమున ప్రతి వైరాగ్యమును పుణ్యము గాజాలదు. చేయవలసిన పని కన్నులయెదుట నుండగా కన్నులు మూసికొని కూర్చుండుట భక్తి గాదు, అది పలాయనము. ఏది వైరాగ్యమో, యేది పలాయనమో తెలిసికొనుట కొక జీవితమును మీ యెదుట నుంచుచున్నాము. ఆమె మన దేశస్థురాలు గాదు, మన కాలమునాటిదియు గాదు. ఐరోపా ఖండమున సెర్బియా దేశము నేలిన మిలిత్సాదేవి ఆమె. ఆ దేశపు ఆర్థొడాక్సు క్రైస్తవ సంఘమువా రామెను యెవ్గేనియా యను సన్న్యాసనామముతో పుణ్యాత్ములలో జేర్చి, యేటేట ఆగస్టు 1వ తేదీని స్మరించుచున్నారు.

మిలిత్సాదేవి సెర్బియాను పూర్వము పాలించిన నెమానిచ్ రాజవంశమున బుట్టి, లాజరు ప్రభువును వివాహమాడెను. వారి కైదుగురు కుమార్తెలును, స్తెఫాను, వూకు అను కుమారులును గలరు. 1389వ సంవత్సరము జూను 15వ తేదీని కొసొవో మైదానమున సెర్బియా సైన్యమునకును ఒట్టోమను తురుష్క సైన్యమునకును ఘోరయుద్ధము జరిగెను. లాజరు ప్రభువు ప్రాణములు గోల్పోయెను. సుల్తాను మురాదును ఆ దినముననే హతుడయ్యెను. కాని తురుష్కుల కింకను అపారమైన సైన్యము గలదు. మురాదు కుమారుడు బాయజీదు వెంటనే సుల్తానయ్యెను. సెర్బియాకో, యోధులలో పెక్కండ్రు నేలగూలిరి. సింహాసనమునకు హక్కుదారుడైన స్తెఫానునకు పండ్రెండేండ్లు మాత్రమే.

ఆ విధవరాలి స్థితి నొక్కసారి భావింపుడు. భర్త మరణించి నెలలైన గడువకమున్నే, ఆ శరత్కాలముననే, ఉత్తరమునుండి హంగేరీ రాజు సిగిస్మండు దేశముమీద బడెను. దక్షిణమున తురుష్కులు కాచుకొనియుండిరి. భర్తతోడనే స్త్రీ జీవితము ముగిసినదని తలచువా రన్ని దేశములందును గలరు. మఠద్వార మామెకు తెరచియే యుండెను. అందు బ్రవేశించినచో లోక మామెను పొగడియే యుండును. కాని ఆమె యట్లు చేయలేదు. కుమారుని పక్షమున రాజ్యభారమును దాను వహించెను. రక్షింపదగినది తన శోకము గాదు, తన ప్రజలు అని యామె క్రియలే చాటుచున్నవి.

రెండు శత్రుబలములనడుమ నలుగుచున్న దేశమునకు సంధి దప్ప గతి లేకపోయెను. మతగురువులతోను, పెద్దలతోను ఆలోచించి, 1390లో ఆమె సుల్తానునకు సామంతత్వము నంగీకరించెను. కప్పము చెల్లింపవలెను, సుల్తాను యుద్ధములకు సైన్యము నంపవలెను. అంతియ కాదు, తన చిన్న కుమార్తె ఒలివేరాను బాయజీదునకు భార్యగా నీయవలెను. ఏ సైన్యము తండ్రిని చంపెనో, ఆ సైన్యాధీశుని యంతఃపురమునకు కన్య పయనమయ్యెను.

ఇచట మేము కొంచెము నిలువవలసియున్నది. మేము న్యాయవాద వృత్తిలో నున్నవారము. ఒక పక్షమును మాత్రమే విని తీర్పు చెప్పుట మా కలవాటు లేదు. దేశ శ్రేయస్సునకై తల్లి తన కూతురును త్యాగము చేసెనని పొగడువారు గలరు. త్యాగము చేసిన దెవరు? తల్లియా, కూతురా? తన ధనము నిచ్చువాడు దాత. పరుని ధనమును దానమిచ్చువాని నే ధర్మశాస్త్రమును దాత యనదు. మరి పరుని జీవితము నిచ్చినవారి నేమందుము? ఆ సంధివలన గ్రామములు కాలకుండ నిలిచినవి, తల్లులకు బిడ్డలు దక్కిరి, ఇది సత్యము. ఆ సంధి మూల్యమును మిక్కిలి చెల్లించినది ఒలివేరా, ఇదియు సత్యమే. పుణ్యాత్ముల చరిత్రము చదువునప్పుడు రెండవ సత్యమును మ్రింగి మొదటిదానినే కీర్తించినచో మనము భక్తులము గాము, ముఖస్తుతి చేయువారము. మిలిత్సాదేవిని గౌరవించువారు ఒలివేరా ఋణమును గూడ నంగీకరింపవలెను.

1393లో స్తెఫాను ప్రాప్తవయస్కుడయ్యెను. రాజ్యమును కుమారుని కప్పగించిన పిమ్మటనే మిలిత్సాదేవి సన్న్యాసము స్వీకరించి, తాను గట్టించిన ల్యుబోస్తిన్యా మఠమున నివసించెను. కొసొవో యుద్ధమున భర్తలను గోల్పోయిన పలువురు స్త్రీలచట నామెతోగూడ వ్రతము పట్టిరని ప్రసిద్ధి. ఆ మఠవాసినులలో యెఫీమియా యను విదుషి ముఖ్యురాలు. ఆమె భర్త ఉగ్లేషా 1371లో తురుష్కులతో జరిగిన మారిత్సా యుద్ధమున మడసెను. 1402లో లాజరు ప్రభువును స్తుతించు వాక్యములను స్వయముగా రచించి, పట్టువస్త్రముపై బంగారుదారముతో గుట్టిన పుణ్యవతి యామెయే.

కథ యింతటితో ముగిసినచో మంచిదే. కాని యసలు పరీక్ష పిమ్మట వచ్చినది. 1398లో కొందరు సామంతులు స్తెఫాను హంగేరీవారితో రహస్యముగా కలసి ద్రోహము చేయుచున్నాడని సుల్తానునకు జెప్పిరి. అప్పుడు మిలిత్సాదేవి నేను లోకమును విడిచితిననలేదు. సన్న్యాసినీవేషముతోనే, యెఫీమియాను వెంటబెట్టుకొని, బాయజీదు సభకు బయలుదేరెను. భర్తను జంపిన రాజ్యమునకు, కూతు రున్న యంతఃపురముగల సుల్తాను సముఖమునకు, చేతులు జోడించుకొని పోవుట యేమాత్రపు పని? కుమారుని క్షేమమునకై యామె మనవి చేసెను. అంతియగాక, సుల్తాను వశమందున్న పరమపూజ్యయగు పరస్కేవా యను పుణ్యస్త్రీ యస్థికలను గూడ నడిగి తన దేశమునకు దెచ్చెను. ఆయుధములు దక్కింపలేనిదానిని వినయము దక్కించెను.

1402లో అంగోరా యుద్ధమున తైమూరుచేత బాయజీదు ఓడింపబడి పట్టువడెను. ఒలివేరాయు వాని చేత జిక్కి, పిమ్మట విడుదలపొంది స్వదేశమునకు జేరెను. ఆ కాలముననే స్తెఫాను, వూకు అను సోదరులకు వైరము పొడమగా, వృద్ధురాలైన తల్లియే నడుమ నిలిచి వారిని సమాధానపరచెను. 1405 నవంబరు 11వ తేదీని మిలిత్సాదేవి పరమపదించెను. పండ్రెండేండ్లకు పైగా పరుల యింట నున్న కూతు రప్పటికి తిరిగి వచ్చియుండెను.

సోదరీ సోదరులారా! ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసిన ధర్మములు రెండు. మొదటిది: అప్పగింపవలసిన భారమును అప్పగించిన పిమ్మట వచ్చు సన్న్యాసమే సన్న్యాసము, ఆ సన్న్యాసమును పొరుగువాని యాపదవేళ ద్వారము మూసికొనదు. ప్రార్థన మనుష్యుని గదిలో బంధించుటకు గాదు, గది విడిచిపోవు ధైర్య మిచ్చుటకు. రెండవది: మన కుటుంబమునకో, దేశమునకో మేలు చేయుచున్నామని తలచునప్పుడు, ఆ మేలునకు మూల్యము చెల్లించుచున్న దెవరో చూచుకొనవలెను. మన యిండ్లలో నోరెత్తని కూతుండ్రు, చెల్లెండ్రు, కోడండ్రు మన కీర్తికై యెన్ని ఋణములు తీర్చుచున్నారో లెక్కించితిమా? వారి త్యాగమును మన పద్దులో వ్రాసికొనుట దొంగతనము. పరమేశ్వరుని సన్నిధిని లెక్కలు తారుమారు గావు.

దుఃఖకాలమున కర్తవ్యమును విడువని ధైర్యమును, జయకాలమున పరుల ఋణమును మరువని సత్యబుద్ధిని సర్వేశ్వరుడు మనకు దయచేయుగాక!