తాళము వేయుట దోషమా?

"తప్పు చేయని వానికి దాచవలసిన దేమున్నది?" అను మాట మన వర్తకులలో తరచుగా వినబడుచుండును. సత్యమును వ్రతముగా పాటింపగోరు మనవంటి వారి నోట ఈ మాట మరింత సులభముగా వచ్చును. ఫోనులోని సంభాషణలకు, కంప్యూటరులోని లెక్కలకు, దారిన పోవు ఉత్తరములకు గట్టి తాళము వేయు సాధనములు నేడు వెల లేకయే దొరకుచున్నవి. అయినను "అవి దొంగలకును, పన్ను ఎగవేయువారికిని గాని మనకెందుకు?" అని చాలమంది త్రోసివేయుచున్నారు. ఈ మాట నీతికి నిలుచునా, నిలువదా అని విచారించుటయే ఈ చిన్న వ్యాసము యొక్క ఉద్దేశము.

మొదట అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. మన ఫోనులో నున్నది ఎవరి రహస్యము? నగలపై అప్పు లిచ్చు వర్తకుని ఫోను తీసికొందము. అందులో అప్పు పుచ్చుకొన్నవారి పేర్లు, వారి ఆధార్ కార్డుల నకళ్లు, కుదువ సొమ్ముల ఛాయాచిత్రములు, బ్యాంకు ఖాతాల అంకెలు ఉండును. కూతురి పెండ్లికై భార్య గొలుసు కుదువపెట్టిన తండ్రి, ఆ సంగతి వియ్యాలవారి చెవిని పడకుండవలెనని కోరును. అందులో మోసమేమియు లేదు, మర్యాద మాత్రమే ఉన్నది. "నాకు దాచవలసినది లేదు" అని వర్తకుడు ఫోనును తెరచి పెట్టినచో ఆ తండ్రి మర్యాదను కూడ తెరచి పెట్టినట్లే. ఆ అధికారము ఇతని కెవరిచ్చిరి? గొలుసునకు ఇనుప పెట్టె కావలెను గాని, గొలుసు సంగతికి పెట్టె అక్కరలేదనుట న్యాయము కాదు.

ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థసూత్రము ఏడవ అధ్యాయములో సత్యాణువ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. దొంగ పత్రములు వ్రాయుట, నమ్మి దాచుకొనిన సొమ్మును అపహరించుట అందులో కలవు. ఇతరుల రహస్యమును వెల్లడించుటయు వాని సరసనే చేర్చబడినది. అనగా రహస్యము కాపాడుట సత్యమునకు విరోధము కాదు సరిగదా, దానిని బయటపెట్టుటయే సత్యవ్రతమునకు మచ్చ. "నేను కావలెనని బయటపెట్టలేదు, ఫోను పోయినది" అని యెవరైన ననవచ్చును. కాని హింసకు ప్రమాదమే, అనగా అజాగ్రత్తయే, మూలమని చెప్పినదియు ఆ అధ్యాయమే. ఆ మాట ఇచ్చటను వర్తించునని నా అభిప్రాయము.

వర్తకులకు సంకేతములు క్రొత్తవి కావు. బట్టల అంగడిలో కొన్న ధరను చీటీపై తమకు మాత్రమే తెలియు అక్షరములలో వ్రాసికొనెడివారు. పశువుల సంతలో తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని బేరము కుదుర్చుకొనెడివారు. మార్వాడీ సోదరుల మహాజనీ లిపిలో అచ్చుల గుర్తులు వ్రాయని కారణమున బయటివానికి ఆ ఖాతా చదువుట కష్టము. వీనిని మోసమని ఎవరును అనలేదు.

నేటి తాళము యొక్క పద్ధతి ఇట్టిది. గుడిలోని హుండీలో కానుక ఎవరైనను వేయవచ్చును. తీయుటకు తాళపుచెవి గలవానికే సాధ్యము. ఆ విధముగా వేయుటకు ఒక చెవి, తీయుటకు వేరొక చెవి ఉండవచ్చునను భావమును 1976లో అమెరికాలో డిఫీ, హెల్మన్ అను ఇద్దరు ప్రకటించిరి. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అను మువ్వురు దానికి గణితము కనుగొనిరి. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అను నాతడు సామాన్యుల ఉత్తరములకై పీజీపీ అను సాధనము వ్రాసి ఊరక పంచిపెట్టెను. అట్టి గుప్త విద్యను ఆనాటి అమెరికా చట్టము ఆయుధముల జాబితాలో చేర్చినందున ఆతనిపై నేరవిచారణ సాగెను. 1996లో అభియోగ మేమియు మోపకయే దానిని విరమించిరి. 2016 నుండి వాట్సాప్ సందేశములకును అట్టి తాళమే పడుచున్నది.

"దొంగయు ఈ తాళమే వేసికొనును గదా, ప్రభుత్వము వద్ద మారుచెవి ఉండరాదా?" అని పెద్దలు అడుగుదురు. తోసివేయదగిన ప్రశ్న కాదిది. 1993లో అమెరికా ప్రభుత్వము అట్లే క్లిప్పర్ చిప్ అను దానిని ప్రతిపాదించెను. 1994లో మాట్ బ్లేజ్ అను శాస్త్రజ్ఞుడు ఆ మారుచెవి ఏర్పాటును తప్పించుకొను మార్గము కలదని చూపెను. తరువాత కొలది కాలమునకే ఆ ప్రయత్నము మూలబడెను. దొంగ దానిని తప్పించుకొనును. నమ్మి వాడుకొనువాని చెవి మాత్రము పరుల చేతిలో నుండును. కోటి ఇండ్ల మారుచెవులు ఒకచోట వ్రేలాడదీసినచో దొంగల చూపంతయు అచ్చటనే ఉండును.

మరి రహస్యమునకును మోసమునకును హద్దేది? నాకు తోచినది చెప్పెదను. నన్ను నమ్మినవానిని కాపాడుటకు వేయునది తాళము. నేను లెక్క చెప్పవలసినవానికి కనబడకుండ వ్రాయునది దొంగ ఖాతా. చట్టప్రకారము అధికారి అడిగిన లెక్కను మన చేతితో తెరచి చూపవలెను. ఆ బాధ్యతను ఏ సాఫ్టువేరును తొలగింపజాలదు. గోప్యత పౌరుల ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న మన సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకకంఠముగా చెప్పిరి. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టమున, ఇతరుల వివరములు ఉంచుకొనువారు తగిన భద్రత చేయవలెననియు, పని తీరిన పిమ్మట, వేరు చట్టము ఉంచుమననిచో, తుడిచివేయవలెననియు నియమములు కలవు.

ఈ రెండవ నియమము మన అపరిగ్రహమునకు దగ్గర చుట్టము. అక్కరలేని నకలును తీసికొనకుండుటయే అన్ని తాళములకన్న గట్టి తాళము. అప్పు తీరిన నాడు నగతోపాటు ఛాయాచిత్రమును, కార్డు నకలును కూడ వదలివేయవలెను. చట్టము కోరు కాగితములు మాత్రము గడువు వరకు నిలుపుకొనవచ్చును. మిగిలినదానికి తాళము వేయవలెను. కంప్యూటరులోని ఖాతాలకు వెరాక్రిప్ట్, సంకేతపదములు భద్రపరచుటకు కీపాస్ వంటివి ఉచితముగా కలవు. వీని నిర్మాణము ఎవరైనను పరీక్షింపవచ్చును. పద్ధతి నలుగురికి తెలిసినను చెవి ఒక్కటి దాగియుండిన చాలు, అట్టిదే మంచి తాళమని కెర్కోఫ్స్ అను పండితుడు 1883లోనే చెప్పెను. వాట్సాప్ సంభాషణల నకళ్లు ఇంటర్నెట్టులో దాచుకొనువారు, ఆ నకళ్లకును తాళము వేయు అమరికను తామే తెరచుకొనవలెను. ఒక హెచ్చరిక: ఇట్టి తాళములకు సంకేతపదము మరచినచో తెరచి ఇచ్చు కమ్మరి లేడు. దానిని కాగితముపై వ్రాసి ఇనుప పెట్టెలో నుంచి, ఇంటిలో నమ్మకమైన మరియొకరికి చెప్పియుంచుట మంచిది.

మన పెద్దలు పరాయి ఊళ్లలో నిలదొక్కుకొనినది మూలధనముతో మాత్రమే కాదు. "ఈ అంగడిలో చెప్పిన మాట గడప దాటదు" అను పేరు వారికి పెట్టుబడి. పూర్వము ఆ పేరును నాలుక కాపాడెను. నేడు మాట ఫోనులో నిలిచియున్నది గనుక నాలుకతోపాటు తాళమును కాపాడవలెను. మన పిల్లలకు లెక్కలు నేర్పునపుడే ఈ జాగ్రత్తయు నేర్పుదుము గాక.