జమ్మిచెట్టు మీది శవం

పాత తుపాకులు సేకరించేవారికి ఫ్రెంచి లెబెల్ అంటే మక్కువ ఎక్కువ. కారణం లేకపోలేదు. 1884లో పాల్ వియేయ్ అనే రసాయనవేత్త పొగ రాని తుపాకిమందు కనిపెట్టాడు. ఆ మందుతో పేలే సైనిక తుపాకుల్లో ప్రపంచంలోకెల్లా మొదటిది 1886 నాటి లెబెల్. అంతకుముందు నాలుగు తూటాలు పేలిస్తే పొగ కమ్మేసి ఎదుటివాడు కనబడేవాడు కాదు. పేల్చినవాడు ఎక్కడున్నాడో మాత్రం ఎదుటివాడికి తెలిసిపోయేది. లెబెల్‌తో ఆ రెండు ఇబ్బందులూ తీరాయి. 1930లలో కొన్నిటి గొట్టాలు కురచ చేశారు గనుక పూర్తి పొడవుతో మిగిలినవాటికి గిరాకీ. భాగాల మీది నంబర్లన్నీ ఒకటే అయితే ధర ఇంకా పెరుగుతుంది.

"తుపాకిది తప్పేముంది, పేల్చిన చేతిదే గాని" అంటారు సేకరించేవారు. మాట సబబుగానే ఉంది. ఇనుముకు పాపపుణ్యాలు లేవు. అయితే ఒక ప్రశ్న. అవే కొలతలతో, అదే నునుపుతో నిన్న చేసిన నకలు ఇస్తే వారు ఆ ధర పెడతారా? పెట్టరు. అంటే వారు కొంటున్నది ఇనుమునూ కర్రనూ కాదు, దాని గతాన్ని. గతాన్ని కొనేవాడు నచ్చిన సగమే కొంటానంటే కుదురుతుందా?

లెబెల్ గతంలో వెర్డున్ ఉంది. 1916లో సొంత నేలను కాపాడుకున్న రైతుబిడ్డల చేతుల్లో ఉన్నది అదే. తాత మోసిన తుపాకి అని మనవడు దాచుకుంటే తప్పుపట్టలేం. అదే గతంలో ఫూర్మీ కూడా ఉంది. ఉత్తర ఫ్రాన్సులో అది నూలుమిల్లుల ఊరు. 1891 మే 1న ఎనిమిది గంటల పనిదినం అడుగుతూ, పట్టుకుపోయిన తోటివారిని విడిచిపెట్టమంటూ కార్మికులు గుమిగూడారు. సైనికులు లెబెల్ తుపాకులు పేల్చారు. తొమ్మిదిమంది చనిపోయారు. వారిలో మరియా బ్లోందో అనే పద్దెనిమిదేళ్ళ కార్మికురాలు ఉంది, పదకొండేళ్ళ పిల్లవాడూ ఉన్నాడు. ఫ్రాన్సు గడ్డ మీద ఆ తుపాకి ముందుగా కూల్చింది పరదేశపు శత్రువును కాదు, సొంత కూలిజనాన్ని.

గొట్టం మీద కర్మాగారం పేరు ఉంటుంది, ఏడాది ఉంటుంది, నంబరు ఉంటుంది. ఎవరి గుండెకు ఎదురుగా నిలిచిందో ఉండదు.

అజ్ఞాతవాసానికి వెళ్తూ పాండవులు తమ ఆయుధాలను జమ్మిచెట్టు మీద దాచారు. ఎవరూ దగ్గరికి రాకుండా ఆ చెట్టుకే ఒక శవాన్ని కట్టారని విరాటపర్వం చెబుతుంది. ఏ రాష్ట్రంలో స్థిరపడినా దసరాకు జమ్మి ఆకు పంచుకునే మనకు ఆయుధాలు గుర్తున్నాయి. శవం గుర్తు లేదు. పాండవులకు అది ఉపాయమే కావచ్చు. నాకు మాత్రం అందులో ఒక నియమం కనిపిస్తుంది. ఆయుధాన్ని దాచుకునేవాడు శవాన్ని పక్కనుంచి తీసేయకూడదు.

అద్దాల బీరువాలో లెబెల్ నిలబెట్టేవారు, కర్మాగారం పేరు రాసే చీటీ మీదే "ఫూర్మీ, 1891, తొమ్మిదిమంది" అని కూడా రాయవచ్చు. తన తుపాకి అక్కడ పేలిందో లేదో ఎవరికి తెలుసు అంటారా? వెర్డున్‌లో పేలిందని మాత్రం ఎవరికి తెలుసు? ఆ గౌరవం అన్నిటికీ చెందితే ఈ నెత్తురూ అన్నిటికీ చెందుతుంది. ఆ ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాకపోతే, తాను ప్రేమిస్తున్నది చరిత్రనా, తుపాకినా అన్నది సేకరించేవాడు ఒక్కసారి తరచి చూసుకోవాలి.