పడిన తరువాత పరీక్ష

ధ్యాన భాగములు: యోహాను 21:15–17, గలతీ 6:1



మన తిరువూరు ప్రాంతపు మామిడి తోటలలో కాయ కోయువారు ఒక సంగతి ఎరుగుదురు. చిక్కముతో దింపిన కాయలు ఒక కుప్ప. చేజారి నేలబడిన కాయలు వేరొక కుప్ప. పడిన కాయమీద ఆ దినమున మచ్చయైనను కానరాదు. కొన్ని దినములకు లోపలి దెబ్బ నల్లబడి, ప్రక్కనున్న మంచి కాయలనుకూడ చెరుపును. పడుట ఒక సంగతి, పడినదానిని పరీక్షింపక కలిపివేయుట మరియొక సంగతి. ఈ భేదమును తుపాకి పట్టువారు మనకంటె బాగుగా ఎరుగుదురు. ఈ నెల వారి యొద్ద పాఠము నేర్చుకొందము.

మన గ్రామములనుండి ఎన్.సి.సి.లోను, పోలీసు శాఖలోను, సైన్యములోను చేరిన బిడ్డలున్నారు. 1948లో ఎన్.సి.సి. ఏర్పడిన పిమ్మట అనేక సంవత్సరములు విద్యార్థులు త్రీనాట్‌త్రీ రైఫిలుతో కవాతు నేర్చుకొనిరి. సుమారు 4 కిలోల బరువుగల ఆ తుపాకిలో బోల్టు అను ఉక్కుముక్క కలదు. తూటా పేలునప్పుడు చదరపు అంగుళమునకు సుమారు 18 టన్నుల ఒత్తిడి పుట్టును. ఆ బలమునకు ఎదురు నిలుచునది ఈ బోల్టే. దాని వెనుకనే కాల్చువాని ముఖముండును.

తుడుచునప్పుడు ఆ బోల్టు చేజారి సిమెంటు నేలమీద పడెననుకొనుడి. అపుడు సైనికునికి ఒక శోధన కలుగును. అటు ఇటు చూచి, ఎవరును చూడలేదని గుడ్డతో తుడిచి, మరల తుపాకిలో పెట్టివేయుదునా అని. ఉక్కు గట్టిది, పలుమారులు ఏ హానియు జరుగదు. అయినను హాని జరుగలేదని తేల్చవలసినది అతని ధైర్యము కాదు, పరీక్షయే.

ఆ పరీక్ష ఎట్టిదనగా, మొదట తుపాకిలో తూటా లేదని రూఢి చేసికొందురు. బోల్టునకు అంటియున్న నూనెను పూర్తిగా తుడుతురు. ఏలయనగా సన్నని బీటను నూనె కప్పివేయును. మంచి వెలుతురులో భూతద్దముతో మూలమూలలు చూతురు. ఉక్కు బీట సాధారణముగా మూలలయందే పుట్టును. పిన్ను వంగెనేమో, దాని మొన విరిగెనేమో చూతురు. కంటికి కానరాని బీటను పట్టుటకు ఒక పాత పద్ధతి కలదు. ఇనుపముక్కను కిరసనాయిలుతో తడిపి, పొడిగా తుడిచి, సుద్ద పూయుదురు. బీటయున్నచో లోపల దాగిన నూనె ఊరి, తెల్లని సుద్దమీద గీతగా బయలుపడును. రైలు ఇరుసులనుకూడ పూర్వము వర్కుషాపులలో ఈలాగే పరీక్షించెడివారు. తుదకు తుపాకి మరమ్మతు ఎరిగినవాడు గేజి పెట్టి కొలుచును. ఇవి ఏవియు చేయక, కాల్చి చూతమనుట అన్నిటికంటె చెడ్డ పరీక్ష. పొరుగువాని బోల్టు తీసి పెట్టుకొనుటయు కూడదు. ఏ తుపాకి బోల్టు దానికే సరిచూడబడి, ఒకే సంఖ్య వేయబడియుండును.

ప్రియులారా, పేతురు పడినవాడు. ప్రధానయాజకుని ముంగిట బొగ్గుల మంటయొద్ద చలి కాచుకొనుచు మూడు మారులు ప్రభువును ఎరుగనన్నాడు. పునరుత్థానుడైన ప్రభువు అతని పాటును చూడనట్టు విడిచిపెట్టలేదు, పనికిరాడని పారవేయనులేదు. సముద్రతీరమున మరల బొగ్గుల మంటయొద్దనే, తన్ను ప్రేమించుచున్నావా అని మూడు మారులు అడిగెను. పేతురు నొచ్చుకొనెను. నొప్పి కలిగినను ఆ పరీక్ష ఆగలేదు. పరీక్ష ముగియగా గొఱ్ఱెలను అతని చేతికి అప్పగించెను. పరీక్షించుట మరల పనిలో పెట్టుకొనుటకే గదా!

మన సంఘములలో నేమి జరుగుచున్నది? ఒక సహోదరుడు సారాయికి లోబడును, ఒకడు భార్యకు తెలియక అప్పు చేయును, ఇద్దరు అన్నదమ్ములు గట్టు తగవులో మాటలు మానుకొందురు. ఆదివారము ఉతికిన బట్టలతో వచ్చి బల్లయొద్ద మోకరించుదురు. ప్రార్థన మాటల నూనె బీటను కప్పుచున్నది. శ్రమ అను ఒత్తిడి వచ్చిన దినమున ఆ బీట విచ్చును; అప్పుడు గాయపడునది అతడొక్కడే కాదు, ఇల్లాలును బిడ్డలును. అందుచేతనే అపొస్తలుడు ప్రతివాడును తన్ను తాను పరీక్షించుకొని ఆ భోజనమునకు రావలెనని కొరింథీయులకు వ్రాసెను.

సంఘ పెద్దలారా, మీకును ఒక మాట. కలిగినవాడు పడినప్పుడు కప్పివేయుట, లేనివాడు పడినప్పుడు వెలివేయుట, ఈ రెండును పరీక్ష కావు. చెరువు గట్టుమీది ముచ్చట్లు గేజి కానేరవు. తప్పిదములో చిక్కినవానిని సాత్వికమైన మనస్సుతో సరిదిద్దవలెనని పౌలు గలతీయులకు బోధించెను. నలుగురిలో నోరు విప్పకమునుపు ఒక్కరుగా అతని యింటికి వెళ్లుడి.

ఈ నెల బల్లకు రాకమునుపు మనము మూడు పనులు చేయుదము. 139వ కీర్తనకారునివలె, మనకు కానరాని చోట్లను వెదకుమని దేవుని వేడుకొందము. మనవలన నొచ్చినవారియొద్దకు పోయి ఒప్పుకొందము. అప్పుండినయెడల ఇంటివారిముందు లెక్క పెట్టుదము. సిగ్గు కలుగవచ్చును. అయినను మనలను పరీక్షించు చేతులు మేకుల గుర్తులుగల చేతులని మరువకుందము. ఆ చేతులు పడినవారిని లేపి నిలువబెట్టును గాక. ఆమేన్.