పంట, సంతతి – రెండూ అమానతులే

సకల ప్రశంసలకు అర్హుడు వర్షం కురిపించి ఎండిన నేలకు ప్రాణం పోసే అల్లాహ్ మాత్రమే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు కలుగుగాక!



దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరా ఒక రకం మనిషి గురించి మనల్ని హెచ్చరిస్తోంది. అతని మాటలు వినసొంపుగా ఉంటాయి. కాని అతను అటు తిరిగాడంటే చాలు, భూమిలో కల్లోలం రేపే పనిలో పడతాడు. అతని చేతుల్లో పాడయ్యేవి రెండు – ఒకటి పంట, రెండోది సంతతి (205వ ఆయత్). అల్లాహ్ ఈ రెంటినీ ఒకేచోట ప్రస్తావించటంలో మనకు గొప్ప పాఠం ఉంది. నేలను పాడుచేసినవాడు తన బిడ్డల నోటి ముద్దను లాక్కుంటున్నాడు. బిడ్డలకు ఏమీ నేర్పనివాడు రేపు ఆ నేలను కాపాడే చేతులను పోగొట్టుకుంటున్నాడు. పంటా సంతతీ రెండూ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతులే. రెంటికీ లెక్క చెప్పవలసి ఉంది.

మన కాళ్ళ కింది నేల

మాక్లూర్, ఆర్మూర్ ప్రాంతం పేరెత్తగానే ఎవరికైనా పసుపు గుర్తుకొస్తుంది. తొలకరి రోజుల్లో నాటిన దుంప ఎనిమిది, తొమ్మిది నెలలు మట్టిలోనే ఉండి పక్వానికి వస్తుంది. అన్నాళ్ళూ నేలలో తేమ ఉండాలి. అలాగని నీరు నిలిచిందా, దుంప కుళ్ళిపోతుంది. నీరు పారిపోనూ కూడదు, నిలవనూ కూడదు. పసుపు రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు.

రైతులు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమయింది. సంతోషమే. కాని కొమ్ముకు ఎంత ధర పలికినా, దాన్ని పండించే మన్నూ, నీరూ లేకపోతే మార్కెట్ యార్డుకు మనం తీసుకెళ్ళేదేమిటి?

ఈ ప్రాంతంలో నేల అడుగున ఉన్నది గట్టి రాయి. వాన నీరు ఆ రాతి మీదున్న మెత్తటి పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే నిలుస్తుంది. బోరు మరింత లోతుకు దింపినంత మాత్రాన కొత్త నీరు పుట్టదు. పైనుంచి ఇంకినదే కిందికి చేరుతుంది. ఇంకింది తక్కువై, తోడింది ఎక్కువైతే, నా బోరులో పడిన నీరు నా పొరుగు రైతు బోరులో లేకుండా పోయిన నీరే. వాన నీటిని తానే ఒక కొలత ప్రకారం దించి భూమిలో నిలిపాననీ, దాన్ని తిరిగి తీసుకుపోయే శక్తి కూడా తనకు ఉందనీ అల్లాహ్ అల్ మూమినూన్ సూరా 18వ ఆయత్‌లో గుర్తుచేస్తున్నాడు. బోరు అప్పులతో కుంగిన ఇళ్ళను చూసినవారికి ఈ ఆయత్‌కు వేరే వ్యాఖ్యానం అవసరం లేదు.

మట్టి సంగతి కూడా ఇంతే. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు అసలు సామర్థ్యం 112 టి.ఎం.సి.లు. పూడిక చేరీ చేరీ ఇప్పుడది సుమారు 80 టి.ఎం.సి.లకు తగ్గింది. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌దీ ఇదే గతి. ఆ పూడిక ఎక్కడిది? ఎగువ నుంచి వాన కోసుకుపోయిన పొలాల పైమన్నే. అంగుళం మట్టి తయారవటానికి వందల ఏళ్ళు పడుతుంది. కట్టు లేని చేలో అది కొన్ని పెద్ద వానలకే కొట్టుకుపోతుంది. గుత్ప ఎత్తిపోతల పథకం మన వైపు ఎత్తిపోసేది ఆ శ్రీరాంసాగర్ నీటినే. కనుక చేలో మట్టి పోగొట్టుకుంటే చెరువులోనూ, ప్రాజెక్టులోనూ నీరు నిలిచే చోటును కూడా పోగొట్టుకున్నట్లే.

పనులు వచ్చాయి, పాఠం మిగిలిపోయింది

మట్టినీ, నీటినీ కాపాడే పథకాలు మనకు కొత్త కావు. హనుమంతరావు కమిటీ సూచనల మేరకు 1995 నుంచి వాటర్‌షెడ్ పనులు కొత్త పద్ధతిలో సాగాయి. 2000లో నీరు–మీరు వచ్చింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. 2006లో ఉపాధి హామీ పనులు మొదలైన జిల్లాల్లో నిజామాబాద్ కూడా ఉంది. 2015 మార్చి 12న అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లోనే మిషన్ కాకతీయకు శ్రీకారం చుట్టారు. చెరువు పూడిక మన్నును రైతులు ట్రాక్టర్లతో తమ చేలకు తోలుకున్నారు.

ఆ 1995 నాటి వాటర్‌షెడ్ నిబంధనల్లో ఒక లెక్క ఉంది. నూరు రూపాయల్లో ఎనభై పనులకు, అయిదు శిక్షణకు. గట్టు కట్టటానికి ఎక్కువ ఖర్చవుతుంది, నిజమే. కాని కట్టిన గట్టుకు గండి పడితే పూడ్చేదెవరు? ఊట కుంటలోకి నీరు తెచ్చే కాలువలో చెత్త పేరుకుంటే తీసేదెవరు? కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు. ఆ పని చూసిన పెద్దలు వృద్ధులయ్యారు. చాలామంది యువకులు గల్ఫ్ బాట పట్టారు. ఊళ్ళో ఉన్న పిల్లవాడికి ఆ గట్టు ఎందుకుందో ఎవరూ చెప్పలేదు. పథకం మంచిదే. దాన్ని మరో తరానికి అందించే పని మాత్రం ప్రభుత్వం మీద వదిలేశాం. అది మన పని.

దైవప్రవక్త (స) నేర్పిన మర్యాద

దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కన్నా తక్కువ నీటితో వుజూ చేసుకునేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు (బుఖారీ, ముస్లిం). మన మస్జిదుల్లో కుళాయి తిప్పి మాటల్లో పడితే ఎన్ని ముద్‌లు పోతున్నాయో ఆలోచించండి. ఒక్కొక్కరు అయిదు లీటర్లు వృథా చేస్తే, రెండు వందల మంది వచ్చే జుమాలో వెయ్యి లీటర్లు మోరీ పాలవుతాయి.

ఖర్జూర తోటలకు పారే కాలువ విషయంలో హజ్రత్ జుబైర్ (రజి)కూ, ఒక అన్సారీకీ తగాదా వచ్చినప్పుడు, ముందు నీ తోట తడుపుకుని తర్వాత నీటిని పొరుగువారికి వదలమని ఆయన (స) జుబైర్ (రజి)కు సూచించారు (బుఖారీ, ముస్లిం). ఎగువనున్నవాడికి హక్కుంది, దిగువవాడిని ఎండబెట్టే హక్కు మాత్రం లేదు. అవసరానికి మించి నీరుండీ బాటసారికి ఇవ్వనివాణ్ణి ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి కూడా చూడడని ఆయన (స) హెచ్చరించారు (బుఖారీ, ముస్లిం). హజ్రత్ ఉస్మాన్ (రజి) మదీనాలో రూమా బావిని కొని అందరి కోసం ధారపోశారు. బావి అమ్మకపు సరుకుగా ఉన్నచోట ఆయన దాన్ని పుణ్యంగా మార్చారు.

మూడు పుణ్యాలు ఒకే గట్టు మీద

మనిషి చనిపోయాక కూడా మూడు ఆచరణల పుణ్యం అతనికి అందుతూ ఉంటుందని దైవప్రవక్త (స) తెలియజేశారు (ముస్లిం). అవి: ఆగకుండా సాగే దానం, ఇతరులకు ప్రయోజనం కలిగించే విద్య, తల్లిదండ్రుల కోసం దుఆ చేసే మంచి సంతానం. ఒక తండ్రి తన కొడుకునూ, కూతురినీ చేలోకి తీసుకెళ్ళి గట్టు ఎలా వేయాలో నేర్పాడనుకోండి. ఆ గట్టు వెనుక ఇంకిన నీరు సాగే దానం. నేర్పిన సంగతి ప్రయోజనకరమైన విద్య. నేర్చుకున్న బిడ్డ మంచి సంతానం. ఇంత సులభమైన బేరాన్ని మనం ఎందుకు వదులుకుంటున్నాం?

కనుక మేము మస్జిద్ కమిటీలకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు కొన్ని మనవులు చేస్తున్నాము.

మొదటిది: వేసవి సెలవుల్లో పిల్లలకు దీనీ తరగతులు నడుపుతాం. తొలకరికి ముందు గట్లు వేసే రోజులు కూడా అవే. అందులో వారానికి ఒక పూట పొలానికి కేటాయించండి. రెండు పొడవాటి కర్రలను పై కొసన కలిపి కట్టి, మధ్యలో ఒక అడ్డకర్ర బిగించి, కొస నుంచి దారంతో రాయిని వేలాడదీయండి. దారం అడ్డకర్ర మీది నడిమి గుర్తుకు తాకిందంటే రెండు కర్రల కాళ్ళూ ఒకే మట్టంలో ఉన్నట్లు. అలా గుర్తులు పెట్టుకుంటూ పోతే వాలుకు అడ్డంగా గట్టు వేయవలసిన గీత వస్తుంది. ఏడవ తరగతి పిల్లవాడు కూడా గంటలో నేర్చుకుంటాడు. పని గుట్ట పైనుంచి మొదలై కిందికి రావాలని, పైన నీటి వేగం తగ్గించకపోతే కింది గట్టు నిలవదని వారికి చూపించండి.

రెండవది: మస్జిద్ కప్పు మీది వాననీటిని ఇంకుడు గుంతకు మళ్ళించండి. మన జిల్లాలో ఏడాదికి సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల కప్పు మీద అది దాదాపు లక్ష లీటర్లు. ఈ లెక్కను పిల్లల చేతే వేయించండి. నెలకోసారి బావి నీటి మట్టాన్ని తాడుతో కొలిచి, మదరసా గోడ మీద వారి చేతే రాయించండి.

మూడవది: కళాశాలల్లో 1969లో మొదలైన ఎన్.ఎస్.ఎస్. ఏడు రోజుల శిబిరాలు జరుపుతుంది. మన యువతీ యువకులు అందులో ముందుండాలి. కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలను అడిగి, బిందు సేద్యం, దుంపకుళ్ళు నివారణ తెలుసుకోవాలి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన సోదరులు సముద్రపు నీటిని యంత్రాలతో మంచినీరుగా మార్చి తాగే దేశాల సంగతి పిల్లలకు చెప్పాలి. నీటి విలువను వారికన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఈ పనిలో ఇరుగుపొరుగు హిందూ సోదరులను కలుపుకోండి. వాన పొలం ఎవరిదని అడిగి కురవదు. ముస్లిం నాటిన చెట్టు ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అతనికి దానంగా రాయబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు (బుఖారీ, ముస్లిం). తినేది ఎవరన్న ప్రశ్నే అక్కడ లేదు.

‘నేనొక్కణ్ణి గట్టు వేస్తే ఏమవుతుంది?’ అని నిరాశ పడేవారు ఉంటారు. చేతిలో మొక్క ఉండగా ప్రళయం వచ్చిపడినా, వీలైతే దాన్ని నాటమనే ఆయన (స) బోధించారు (ముస్నద్ అహ్మద్). ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. మొక్క మన చేతిలో ఉంది.

ఓ అల్లాహ్! మా చేలల్లో మట్టి నిలిచేలా, మా బావుల్లో నీరు ఊరేలా చెయ్యి. నీవిచ్చిన నీటిని వృథా చేసేవారిలో, పొరుగువాడికి లేకుండా చేసేవారిలో మమ్మల్ని చేర్చకు. మా బిడ్డలకు ప్రయోజనకరమైన విద్యను ప్రసాదించు. పంట గురించీ, సంతతి గురించీ నీవు లెక్క అడిగే రోజున మమ్మల్ని తలవంచుకునేలా చేయకు. ఆమీన్.