‘తీర్చుట’ అను మాట: క్రైస్తవుల పాపపరిహార విచారము

1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అను ఇరువురు ఆంగ్లేయ బోధకులు చర్చి మిషనరీ సొసైటీ పక్షమున బందరు చేరిరి. ఫాక్స్ 1848లోనే గతించెను. నోబుల్ 1843లో పాఠశాల నెలకొల్పి, 1865లో కన్నుమూయువరకు దానికే అంకితుడయ్యెను. అదియే పిమ్మట నోబుల్ కళాశాలగా పెరిగినది. వారిరువురిది ఇంగ్లండు సంఘము. ఆ సంఘపు 39 సూత్రములలో పదునొకండవదాని సారము ఇది: మానవుడు దేవుని యెదుట నీతిమంతుడుగా ఎంచబడుట తన సత్కార్యముల చేత కాదు, క్రీస్తునందలి విశ్వాసము చేతనే.

ఈ బోధ పడిన నేల సామాన్యమైనది కాదు. గుడివాడలోను, దివిసీమ ఘంటసాలలోను బౌద్ధస్తూపముల శిథిలములు కలవు. కర్మఫలము కర్తను విడువదను భావము ఇచ్చట ఇంచుమించు రెండువేల ఏండ్లుగా పాతుకొన్నది. “చేసుకొన్నవారికి చేసుకొన్నంత మహాదేవా” అను సామెత పామరుని నోటను కలదు. అట్టి తావున, ఒకరి పాపము మరియొకరు మోసిరను మాట ఎట్లు చెవికెక్కును?

చిక్కంతయు మాటలలోనే ఉన్నది. యాజ్ఞవల్క్యస్మృతిలో మూడవది ప్రాయశ్చిత్తాధ్యాయము. అందు పాపియే ఉపవసించును, పాపియే చాంద్రాయణము సల్పును, పాపియే దానమిచ్చును. తెలుగు బైబిలు ప్రాయశ్చిత్తమను ఆ మాటనే స్వీకరించినది గాని, కర్త మారిపోయెను. లేవీయకాండము పదునారవ అధ్యాయమున రెండు మేకలు కానవచ్చును. ఒకటి బలియగును, రెండవదాని తలపై ప్రజల పాపములు మోపి అడవికి తోలుదురు. ఆ బలులన్నియు క్రీస్తు మరణమునకు ఛాయలని క్రైస్తవుల విశ్వాసము.

‘నీతిమంతులుగా తీర్చబడుట’ అనునది తెలుగు బైబిలులోని మరియొక పలుకుబడి. ‘తీర్చు’ అను క్రియను ఎంచినవారెవరో గాని, ఎన్నదగిన మాటనే ఎంచిరి. తెలుగువారు అప్పు తీర్చుదురు, తగవు తీర్చుదురు, ముగ్గు తీర్చుదురు. క్రైస్తవ పండితులు శతాబ్దముల తరబడి చేసిన వాదమంతయు ఈ మూడర్థములలో ఇమిడిపోవును. పదునొకండవ శతాబ్ది చివర ఆన్సెల్మ్ అను మతాచార్యుడు, మానవుడు దేవునికి చెల్లింపలేని బాకీ పడెననియు, దానిని క్రీస్తు చెల్లించెననియు వాదించెను. లూథరునకు అది న్యాయాధిపతి తీర్పు: దోషి దోషిగా నుండగనే నిర్దోషి యని ప్రకటింపబడును. ప్రకటన మాత్రము చాలదు, లోపలి మనిషి క్రొత్తగా దిద్దబడవలెనని 1547లో ట్రెంటు మహాసభ శాసించెను. అది ముగ్గు తీర్చుట. ఈ తగవులోని ముఖ్యాంశములపై ఉభయులు సమ్మతించి లూథరను, కతోలిక సంఘములు ఉమ్మడి ప్రకటనపై సంతకములు చేసినది 1999లో.

అన్న అప్పు తమ్ముడు తీర్చిన సాహుకారు కాదనడు. అన్న చేసిన హత్యకు తమ్ముని ఉరితీయుట మాత్రము న్యాయము కానేరదు. అప్పునకు చెల్లిన ఉపమానము నేరమునకు చెల్లదన్నమాట. దీనికి క్రైస్తవులు, శిక్ష పొందినది మూడవవాడు కాడు, న్యాయాధిపతియే పీఠము దిగి శిక్షను తానే భరించెనందురు. బలమైన సమాధానమే! అయినను యేసు దేవుడని ముందే నమ్మినవారికే అది సమాధానమగును. ఇక కృప యను భావము శరణుల యింట అపరిచితము కాదు. ప్రసాదము అష్టావరణములలో ఒకటి; కాయకమునకు ముట్టు కూలి కాదది, చేయి చాచి అందుకొనునది.

కర్మవాదికిని సులభముగా తప్పించుకొన వీలులేని చోటు ఒకటున్నది. 1864 నవంబరు 1వ తేది రాత్రి ఉప్పెన బందరును ముంచెత్తగా సుమారు ముప్పదివేలమంది మరణించిరని అంచనా. 1977 నవంబరు 19న దివిసీమలో మడిసినవారు వేలకు వేలు. ప్రభుత్వపు లెక్క పదివేల ప్రాంతమున నిలిచినది. తల్లుల చేతులనుండి కెరటము లాగుకొనిన పసివారి యెదుట నిలిచి, పైని చెప్పిన మహాదేవుని సామెతను పలుకగలవాడెవడు? లూకా సువార్త పదమూడవ అధ్యాయమున ఇట్టి ప్రశ్నయే వచ్చును. సిలోయములో గోపురము కూలి పదునెనమండుగురు చనిపోయిరి. వారు తక్కినవారికంటె పాపాత్ములా యనగా, కాదని యేసు స్పష్టముగా చెప్పెను. చచ్చినవారి లెక్కలు కట్టుట మాని, బ్రదికియున్నవారిని మారుమనస్సు పొందుడనెను.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న బ్రదికియున్నవారినిగూర్చినదే. కోతకూలీల కూలి ఎగవేసినవాడొకడు ఆదివారము మోకరించి క్షమాపణ పొందెననుకొందము. దేవుడు క్షమించెను, సరి. ఆ కూలి మాటేమి? జర్మను మతాచార్యుడు బాన్‌హోఫర్ 1937లో ప్రకటించిన గ్రంథమున, చవుకగా అమ్ముడుపోవు కృపయే సంఘమునకు ప్రాణాంతక శత్రువని తన సొంతవారినే హెచ్చరించెను. ఆయనను 1945లో హిట్లరు ప్రభుత్వము ఉరితీసినది.

ఈ ప్రశ్నకు జక్కయ్య కథ కొంత దారి చూపును. అతడు యెరికోలో సుంకపు గుత్తదారు, ధనికుడు, పొట్టివాడు. యేసును చూచుటకు మేడిచెట్టెక్కెను. అతడొక కాసైనను తిరిగి యీయకమునుపే యేసు అతని యింట బస చేయుదుననెను. చూచినవారు సణిగిరి. ఆపైననే జక్కయ్య లేచి నిలిచి, ఆస్తిలో సగము బీదలకిత్తుననియు, అన్యాయముగా తీసికొన్నది నాలుగంతలు తిరిగి యిత్తుననియు పలికెను. ఆ నాలుగంతలు ముట్టవలసిన వారి పేర్లు గాని, వారికి ముట్టెనో లేదో గాని లూకా వ్రాయలేదు.